ఎవరొచ్చారో తెలియాలంటే



టీవీ వార్తల్లో తరచూ చూస్తుంటాం. అర్ధరాత్రి ఒక వీధి, గోడ దూకుతున్న ఇద్దరు మనుషులు, వాళ్ల చుట్టూ ఎర్రటి గుండ్రం. ‘సీసీ కెమెరాకు చిక్కిన దొంగలు’ అని కింద అక్షరాలు పరుగెడుతుంటాయి. నిజానికి ఆ కెమెరాకు చిక్కింది ఒక టోపీ, ఒక వీపు, వెలుతురుకు తెల్లగా మెరిసిపోయిన బండి నంబరు ప్లేటు. ఇంట్లో దొంగలు పడ్డారన్న సంగతి ఆ ఇంటివాళ్లకు పగిలిన తాళం చూడగానే తెలిసిపోయింది. ఎవరు పడ్డారో చెబుతుందని డబ్బు పోసి కెమెరా పెట్టుకుంటే, అదీ పడ్డారనే చెప్పి ఊరుకుంది.

చవక కెమెరా కొనడం వల్ల ఇలా అయిందని అనుకుంటాం. చాలా ఇళ్లలో కారణం అది కాదు, దాన్ని పెట్టిన చోటు. కాబట్టి షాపుకు వెళ్లకముందే వాకిట్లో నిలబడి ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ కెమెరా నాకు ఏం చెప్పాలి? బయట ఏదో అలికిడి అవుతోందని చెబితే చాలా, లేక వచ్చినవాడి ముఖం చూపించాలా? ఈ రెండూ వేర్వేరు పనులు. ఒకే కెమెరాతో రెండూ చేయించాలని చూస్తే మొదటిదే అవుతుంది, రెండోది కాదు.

షాపులో బేరం మెగాపిక్సెళ్ల దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. రెండా, నాలుగా, ఐదా? లెన్సు ఎన్ని మిల్లీమీటర్లదని అడిగేవాళ్లు అరుదు. ఇళ్లకు బిగించే డోము కెమెరాల్లో, బుల్లెట్ కెమెరాల్లో ఎక్కువగా కనిపించేవి 2.8, 3.6 మిల్లీమీటర్ల లెన్సులు. 2.8 లెన్సు సుమారు 100 డిగ్రీల మేర చూస్తుంది. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఫోనులో కనబడేసరికి ఇంటాయనకు సంబరం. కానీ ఆ వెడల్పంతా పంచుకోవలసింది ఉన్న పిక్సెళ్లే. వీధి ఎంత ఎక్కువ కనబడితే మనిషి ముఖానికి దక్కేవి అంత తగ్గిపోతాయి.

దీనికి యూరప్ ప్రమాణాల్లో ఒక లెక్క ఉంది, కెమెరా కంపెనీలు కూడా అదే వాడతాయి. ముక్కూ మొహం తెలియని మనిషిని ఇతనే అని గుర్తుపట్టాలంటే, అతను నిలబడిన చోట మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు ఉండాలి. మనం ఎరిగిన మనిషైతే 125 చాలు. ఎవరో ఒకరు ఉన్నారని తెలిస్తే చాలనుకుంటే 25 సరిపోతాయి. ఇప్పుడు రెండు మెగాపిక్సెళ్ల కెమెరా తీసుకుందాం. దాని బొమ్మ అడ్డంగా 1920 పిక్సెళ్లు. 250తో భాగిస్తే ఏడున్నర మీటర్ల పైచిలుకు వస్తుంది. 2.8 లెన్సు అంత వెడల్పును చూసేది సుమారు మూడు మీటర్ల దూరంలో, అంటే పది అడుగుల్లో. మీ గేటు ఇరవై అడుగుల అవతల ఉందనుకోండి. గేటు తీసి లోపలికొచ్చింది మీ మేనల్లుడైతే గుర్తుపడతారు. దొంగైతే గుర్తుపట్టలేరు.

నాలుగు మెగాపిక్సెళ్లకు పెంచితే ఆ పది అడుగులు పద్నాలుగు అవుతాయి, అంతే. అదే నాలుగు మెగాపిక్సెళ్ల కెమెరాకు 6 మిల్లీమీటర్ల లెన్సు పెడితే ముప్పై అడుగుల దాకా పోతుంది. ఇది పట్టపగటి లెక్క. చీకట్లో, నడిచే మనిషి విషయంలో ఇంకా తగ్గుతుంది. అందుకని రెండు కెమెరాల ఇంటికి నేను చెప్పేది ఇది. ఒకటి వెడల్పు లెన్సుతో వాకిలి మొత్తం చూడనివ్వండి. రెండోది 4 గానీ 6 గానీ లెన్సుతో గేటు ఒక్కదాన్నే చూడనివ్వండి. గేటు కెమెరాలో వీధి కనబడకపోతే కొంపేమీ మునగదు. వీధిలో వెళ్లే ప్రతివాడూ మన ఇంటికి రాడు, మన ఇంటికి వచ్చేవాడు మాత్రం ఆ గేటు దగ్గర ఒక్క క్షణమైనా ఆగుతాడు.

మన ఇళ్ల తీరు వల్ల ఇంకో చిక్కుంది. దీని గురించి బిగించే కుర్రాళ్లు కూడా మాట్లాడరు. వాస్తు చూసుకుని ఏరికోరి తూర్పు వాకిలి పెట్టుకుంటాం. గుమ్మం పైన బిగించిన కెమెరా తూర్పుకే చూస్తుంది. పొద్దెక్కేదాకా సూర్యుడు సరిగ్గా దాని కంట్లో పడతాడు. పాలబ్బాయి, పేపరు కుర్రాడు, పనిమనిషి, చెత్తబండి అతను, అందరూ నల్లటి నీడలే. ఇంటికి మనుషుల రాకపోకలు ఎక్కువగా ఉండేది ఆ వేళలోనే. డబ్ల్యూ.డి.ఆర్. అనే సదుపాయం ఉన్న కెమెరా వెలుగునీ నీడనీ కొంతవరకు సర్దుతుంది. దాన్ని డెసిబెల్స్‌లో చెబుతారు, 120 ఉంటే మంచిదే. కానీ సూటిగా కొట్టే ఎండ ముందు అదీ కొంతే. దానికన్నా ఇంటి ఆగ్నేయ మూల సజ్జ కింద బిగించి, ఉత్తరం వైపు, గేటును ఏటవాలుగా చూసేలా తిప్పండి. ఎండ సూటిగా లెన్సులో పడదు, వచ్చినవాడు నల్లటి నీడగా మిగిలిపోడు. పడమటి వాకిలి ఇళ్లకు ఇదే తంటా సాయంత్రం వస్తుంది.

ఇక ఎత్తు. ఎవరూ పీకెయ్యకుండా ఉండాలని రెండో అంతస్తు పిట్టగోడకు బిగించిన కెమెరాలు మన కాలనీల్లో కోకొల్లలు. వాటికి మనుషుల ముఖాలు కనబడవు, నడినెత్తులు కనబడతాయి. తొమ్మిది, పది అడుగులు చాలు. నిచ్చెన లేకుండా చేయి అందదు, ముఖమూ తప్పిపోదు. కాలింగ్ బెల్లులోనే కెమెరా ఉండే వీడియో డోర్ బెల్‌కు ఈ చిక్కే లేదు. బెల్లు కొట్టేవాడు తన ముఖాన్ని తానే తెచ్చి దాని ముందు పెడతాడు.

ఇంటి కెమెరా మొదలైంది కూడా ఈ ముఖం కోసమే. న్యూయార్క్‌లో క్వీన్స్ ప్రాంతంలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు ఉండేది. ఆమెవీ, ఆమె భర్తవీ వేళాపాళా లేని ఉద్యోగాలు. ఒంటరిగా ఉన్నప్పుడు తలుపు చప్పుడైతే ఎవరో తెలియని భయం. పోలీసులను పిలిస్తే వచ్చేసరికి ఆలస్యమయ్యేది. ఎలక్ట్రానిక్స్ తెలిసిన భర్త ఆల్బర్ట్‌తో కలిసి ఆమె ఒక ఏర్పాటు రూపొందించి 1966లో పేటెంటుకు దరఖాస్తు చేసింది. 1969 డిసెంబరు 2న అది మంజూరైంది. తలుపుకు ఒకదాని కింద ఒకటిగా నాలుగు రంధ్రాలు, వాటి వెనక పైకీ కిందికీ జరిగే కెమెరా. పొడుగు మనిషి వచ్చినా, పొట్టివాడు వచ్చినా, చిన్నపిల్ల వచ్చినా ముఖం ఎదురుగానే ఉండాలని ఆమె పట్టుదల. అరవై ఏళ్ల కింద ఆమెకు తట్టిన సంగతి, పిట్టగోడ మీద కెమెరాలు బిగించే మనకు ఇప్పటికీ తట్టడం లేదు.

రాత్రి సంగతి చూద్దాం. చీకటి పడగానే కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ బుడ్లు వెలుగుతాయి. ఆ వెలుగు మన కంటికి కనబడదు, దగ్గరికి వెళ్లి చూస్తే సన్నటి ఎర్రని మిణుకు తెలుస్తుందంతే. బొమ్మ నలుపు తెలుపులోకి మారుతుంది. కెమెరా దగ్గరికి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది, దాని వెనకే బల్లి వస్తుంది. లెన్సు ముందు ఊగే ఒక్క సాలెపోగు ఫోనులో తెల్లటి మోకులాగా కనబడుతుంది. దగ్గర్లో ఉన్నదాని మీద వెలుగు ఎక్కువగా పడి తిరిగొస్తుంది కాబట్టి వెనకున్న వాకిలంతా మసకేసిపోతుంది. అర్ధరాత్రి ‘మీ వాకిట్లో కదలిక ఉంది’ అని ఫోను మోగితే, లేచి చూస్తే డోము మీద బల్లి. వరసగా నాలుగు రాత్రులు ఇలా అయ్యేసరికి ఇంటాయన ఆ మోతనే ఆపేస్తాడు. అసలు ప్రమాదం అక్కడుంది. వారానికోసారి బూజుకర్రతో కెమెరా చుట్టూ దులపండి, లెన్సును మాత్రం కర్రతో ముట్టకుండా మెత్తటి గుడ్డతో తుడవండి. కదలిక గుర్తించే గీతను గేటు మేరకే గీసుకోండి. మనిషిని గుర్తించాకే మోగే సదుపాయం ఇప్పుడు చాలా కెమెరాల్లో ఉంది, అది పెట్టుకోండి.

నన్నడిగితే, కెమెరాకు ఇంకో రెండు వేలు పెంచే ముందు గేటు స్తంభానికి ఒక 9 వాట్ల ఎల్.ఈ.డీ. బల్బు పెట్టండి. వెలుతురు ఉంటే మామూలు కెమెరా కూడా చొక్కా రంగు చెబుతుంది. వెలుతురు లేకపోతే ఖరీదైన కెమెరాకు కూడా ఎర్ర చొక్కా, పచ్చ చొక్కా ఒకటే.

బిగించడంలో ఎక్కువ తప్పులు జరిగేది కెమెరా తోక దగ్గర. పెట్టె మీద ఐ.పి. 66 అనో 67 అనో ఉంటుంది. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. 66 అంటే దుమ్ము లోపలికి చొరదు, జోరుగా పైపుతో కొట్టినా నీళ్లు పోవు. మన వానలకు అది చాలు. కానీ ఆ హామీ కెమెరా ఒంటికే, వెనక వేలాడే కనెక్టర్లకు కాదు. పని తొందరలో వాటికి నల్ల టేపు చుట్టి గోడకు వదిలేస్తారు. మొదటి వానాకాలానికే తుప్పు పట్టి బొమ్మ గీతలు గీతలుగా వస్తుంది. కనెక్టర్లను తప్పనిసరిగా ఒక పీవీసీ బాక్సులో పెట్టించండి, కెమెరాను ఆ బాక్సు మీదే బిగించవచ్చు. వైరు బాక్సులోకి పైనుంచి దిగకూడదు. కిందికి వంపు తిరిగి మళ్లీ పైకి ఎక్కి లోపలికి పోవాలి, అప్పుడు వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. కోతుల బెడద ఉన్న ఊళ్లలో వైరు బయటికి వేలాడిందంటే దాని ఆయుష్షు ఇక కోతుల దయ. పైపులోంచే లాగించండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే చోట ఇనుప క్లాంపులు, స్క్రూలు వద్దు, స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి.

వైరా, వైఫైయా అన్నది పెద్ద చర్చే అక్కర్లేదు. సొంత ఇల్లైతే వైరు, అద్దె ఇల్లైతే వైఫై. కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు కరెంటు పైపులు వేసేటప్పుడే కెమెరా పైపులు కూడా వేయించుకుంటే తర్వాత గోడలు కొట్టే పని తప్పుతుంది. రికార్డింగును దాచే పెట్టె, అంటే డి.వి.ఆర్.కు పాతకాలపు 3+1 కేబుల్ ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. నెట్‌వర్క్ మీద నడిచే ఐ.పి. కెమెరాలు తీసుకుంటే ఒక్క నెట్‌వర్క్ కేబుల్‌లోనే బొమ్మా, కరెంటూ రెండూ పోతాయి, 100 మీటర్ల దూరం దాకా. ఏదైనా సరే, డి.వి.ఆర్.తో పాటు ఇంటర్నెట్ రౌటర్ కూడా ఇన్వర్టర్ మీద ఉండాలి. కరెంటు పోయిన గంటలో కెమెరాకు చూపు ఉండి ఫోనుకు కబురు రాకపోతే ఏం లాభం?

ఆ డి.వి.ఆర్. పెట్టేది ఎక్కడ? హాల్లో టీవీ కింద, అందరికీ కనబడేలా. దొంగలకూ ఆ సంగతి తెలుసు. వెళ్తూ వెళ్తూ పెట్టెను చంకలో పెట్టుకుపోతే సాక్ష్యం కూడా వాళ్లతోనే వెళ్లింది. గాలాడే చోట, అటక మీదో తాళం వేసే అల్మరాలోనో పెట్టండి. గేటు కెమెరాలో మాత్రం విడిగా ఒక మెమరీ కార్డు వేయడమో, దాని రికార్డింగు క్లౌడ్‌లోకి పోయేలా చూసుకోవడమో మంచిది.

హార్డ్ డిస్కు ఎంతది కావాలన్నది చిన్న లెక్క. రెండు మెగాపిక్సెళ్ల కెమెరా సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు సుమారు 22 జీబీ. నాలుగు కెమెరాలకు 86. ఒక టెరాబైట్ డిస్కు పదకొండు రోజులకే నిండి, పాతదాని మీద కొత్తది రాయడం మొదలుపెడుతుంది. సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్లొచ్చేవాళ్లకు ఇది చాలు. అమెరికాలో కూతురి పురిటికని ఆర్నెల్లు వెళ్లే దంపతులకు చాలదు. కదలిక ఉన్నప్పుడే రాసేలా పెట్టుకుంటే ఎక్కువ రోజులు వస్తుంది. కంప్యూటరు డిస్కు ఏది దొరికితే అది వేయించకండి. రాత్రింబవళ్లు రాస్తూనే ఉండే పనికి విడిగా తయారైన డిస్కులున్నాయి. డి.వి.ఆర్. గడియారం కూడా నెలకోసారి చూసుకోండి. దొంగతనం రాత్రి రెండింటికి జరిగితే రికార్డింగులో మధ్యాహ్నం అని ఉండకూడదు కదా.

ఇప్పుడు పాస్‌వర్డ్. ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. 2016 అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి స్తంభించాయి. కారణం మిరాయ్ అనే వైరస్. అది ప్రపంచం నలుమూలలా ఇళ్లల్లోని కెమెరాలు, డి.వి.ఆర్.లు, రౌటర్లలోకి దూరి, వాటన్నిటితో ఒకేసారి దాడి చేయించింది. దూరడానికి దానికి గొప్ప తెలివేమీ అక్కర్లేకపోయింది. కంపెనీలు పెట్టి పంపే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతలు అరవై పైచిలుకు దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే వేసి చూసింది, అంతే. మన దేశంలో 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల దృశ్యాలు బయటికి పొక్కి ఇంటర్నెట్‌లో అమ్మకానికి వెళ్లాయి. ఆ ఏడాది ఏప్రిల్ 9 నుంచి, భద్రతా పరీక్షల్లో నెగ్గిన సీసీ కెమెరాలనే అమ్మాలని కేంద్రం నిబంధన అమల్లోకి తెచ్చింది. కాబట్టి కొనేటప్పుడు పెట్టె మీద బి.ఐ.ఎస్. గుర్తు, కింద రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. బిల్లు అడగండి.

బిగించినరోజే ఇంకో పని ఉంది. కుర్రాడు ముందు తన ఫోనులో క్యూ.ఆర్. కోడ్ కొట్టి, అంతా పనిచేస్తోందని చూపించి, తర్వాత మీ ఫోనుకు షేర్ చేసి వెళ్లిపోతాడు. అంటే ఆ కెమెరాకు యజమాని అతను, మీరు చూపరులు. అతను మంచివాడే కావచ్చు, కానీ మీ వాకిలి అతని ఫోనులో ఎందుకుండాలి? మీ ఫోనులోనే ముందు ఖాతా తెరిపించండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ చేత్తో మార్చి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

ఎవరిని చూస్తున్నాం అన్నది కూడా ఆలోచించాలి. ఊళ్లో తల్లిదండ్రులు, డల్లాస్‌లోనో బెంగళూరులోనో పిల్లలు. పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్నారని కెమెరాలు పెట్టించడంలో ప్రేమే ఉంది. కానీ పొద్దున్నే ఫోను వస్తుంది. ‘అమ్మా, ఇవాళ ముగ్గు వేయలేదేం? ఒంట్లో బాలేదా?’ ‘బానే ఉందిరా, కాస్త ఆలస్యంగా లేచాను.’ ‘నాన్న చెప్పులేసుకోకుండా బయటికెళ్లారు.’ నాలుగు రోజులు పోయాక ఆ తల్లి అరుగు మీద కూర్చోవడం మానేస్తుంది. పక్కింటి వదినగారితో నోరారా మాట్లాడాలన్నా వెనకా ముందూ చూస్తుంది, ఎందుకంటే ఆ కెమెరాకు చెవులు కూడా ఉన్నాయి. ఇప్పుడొచ్చే చాలా కెమెరాల్లో మైకు ఉంటుంది. దాన్ని ఆపివేసే వీలూ ఉంటుంది. గేటుకు కెమెరా పెట్టించండి, అరుగును వదిలేయండి. పెట్టేముందు అమ్మానాన్నలను ఒకమాట అడగండి. వద్దంటే మానేయండి.

పక్కింటివాళ్ల సంగతీ అంతే. మన కెమెరాలో వాళ్ల పడగ్గది కిటికీ, బాత్రూం వెంటిలేటరు, పెరట్లో బట్టలారేసే తీగ పడకూడదు. తప్పనిసరిగా పడే చోటైతే ఆ మేరకు బొమ్మను నల్లగా కప్పేసే వీలు కెమెరా సెట్టింగుల్లోనే ఉంటుంది. కప్పేసి, పిలిచి చూపించండి, సగం తగువులు అక్కడే తీరతాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చింది. ఒకే ఇంట్లో ఉంటున్న మిగతావాళ్ల ఒప్పుదల లేకుండా నివాసం లోపల కెమెరాలు పెట్టడం కూడదని కలకత్తా హైకోర్టు చెబితే, 2025లో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. ఏకాంతంలో ఉన్న ఆడవాళ్లను చాటుగా చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం.

పొరపాటున దొంగతనం జరిగిందే అనుకుందాం. చాలామంది చేసే మొదటి పని, ఫోనుతో టీవీ తెరను వీడియో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం. అది కోర్టులో నిలవడం కష్టం, పైగా దొంగకు జాగ్రత్త చెప్పినట్టవుతుంది. డి.వి.ఆర్.ను ఎవరినీ ముట్టుకోనివ్వకండి. పాత రికార్డింగు మీద కొత్తది రాసి చెరిపేయకముందే అసలు ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి తీయించండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. పోలీసులు అడుగుతారు, ఆ నమూనా వాళ్ల దగ్గరే ఉంటుంది.

ఇల్లు తాళం వేసి ఊరికి వెళ్లేవాళ్లకు, ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల ఎల్.హెచ్.ఎం.ఎస్. అనే సదుపాయం ఉంది. యాప్‌లో నమోదు చేసుకుని ఫలానా తేదీల్లో ఉండమని తెలియజేస్తే, వాళ్లే వచ్చి మీ ఇంట్లో కెమెరా అమరుస్తారు. ఖర్చు లేదు. ఎవరైనా చొరబడితే కంట్రోల్ రూముకు కబురు పోతుంది. తెలంగాణలో ‘నేను సైతం’ పేరుతో కాలనీవాసులే చందాలేసుకుని వీధి కెమెరాలు పెట్టించుకున్నారు. మీ వీధిలో అలాంటివి ఉంటే అవి పనిచేస్తున్నాయో లేదో ఒకసారి కనుక్కోండి. ఏ రాష్ట్రంలోనైనా పండక్కి బయల్దేరేముందు స్టేషన్‌లో ఒకమాట, ఎదురింట్లో ఒకమాట చెప్పి, నగలు బ్యాంకు లాకరులో పెట్టి వెళ్లండి. కెమెరా ఉంది కదా అని ఈ మూడింట్లో ఏదీ మానకండి.